రెండో బేబీ వచ్చేస్తోంది, మా మూడేళ్ల పాపని ఎలా రెడీ చెయ్యాలి?

రాసింది: చిన్ని_వాళ్లమ్మ

అందరికీ నమస్తే అండి. నాకు ఇప్పుడు 34వ వారం నడుస్తోంది, రెండో కాన్పు. హెల్త్ పరంగా ఏ ప్రాబ్లమ్ లేదు, అన్నీ నార్మల్‌గానే ఉన్నాయన్నారు, ఆ భయం లేదు. నా టెన్షనంతా మా పెద్దదాని గురించే. దానికి ఈమధ్యే మూడేళ్లు నిండాయి. ఇన్నాళ్లూ ఇంట్లో అదొక్కతే కదా, అది నవ్వితే ఇంట్లో అందరూ నవ్వడం, అది అలిగితే అందరూ దాని వెనకాల తిరగడం, అలా పెరిగింది.

రాత్రిళ్లు నా చెవి తమ్మె పట్టుకుని వేళ్లతో నలుపుతూ పడుకుంటుంది, పసిపిల్లగా ఉన్నప్పట్నుంచీ అదే అలవాటు. నిద్రలో నేను అటు తిరిగితే కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి నా మొహమంతా తడుముకుంటూ వచ్చి, చెవి దొరికాక గానీ మళ్లీ నిద్రపోదు. మొన్నొక రాత్రి అలాగే పట్టుకుని ఉండి ఉన్నట్టుండి "అమ్మా, బేబీ వచ్చాక ఈ చెవి ఎవరిది" అనడిగింది. నీదే బంగారం అన్నాను, అది పడుకుంది, నాకు మాత్రం తెల్లారేదాకా కన్ను మూతపడలేదు.

నా డౌట్స్ ఏంటంటే, డెలివరీకి నేను హాస్పిటల్లో ఉంటే ఇది రాత్రిళ్లు ఎలా పడుకుంటుంది, ఇప్పటిదాకా నన్ను వదిలి ఒక్క రాత్రి కూడా లేదు. ఇంటికొచ్చాక చంటిదానికి పాలిస్తుంటే దీన్ని కూడా పక్కనే పడుకోబెట్టుకోవచ్చా, లేకపోతే ఇప్పట్నుంచే వేరే పక్క అలవాటు చెయ్యాలా? పైగా బొమ్మని మెడ దగ్గర పట్టుకుని ఈడ్చుకెళ్తుంది, బేబీని కూడా అలాగే పట్టుకుంటుందేమో అని ఇంకో భయం. కొంతమందేమో ఇప్పుడే ప్లేస్కూల్లో వేసెయ్, నీకు కాస్త రెస్ట్ దొరుకుతుంది అంటున్నారు, అదీ నిజమే అనిపిస్తోంది గానీ మనసొప్పట్లేదు. రెండో బిడ్డని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు మీ ఇంట్లో ఏం చేశారో చెప్పండి ప్లీజ్.

—

వాన_చినుకు

ముందుగా కంగ్రాట్స్ అండి. మా పెద్దోడికి మూడేళ్లు దాటాక మా చిన్నది పుట్టింది, మీరు రాసినవన్నీ మా ఇంట్లోనూ జరిగినవే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, నిద్ర సంగతి ఇవాళే మొదలెట్టండి. బేబీ ఇంటికొచ్చిన రోజునే దాని పక్క మారిందనుకోండి, ఆ పిల్ల లెక్కలో నా చోటు బేబీ లాక్కుంది అని అయిపోతుంది. ఇప్పుడే మారితే దానికీ బేబీకీ సంబంధం ఉండదు. వేరే గది ఏం అక్కర్లేదు, అదే గదిలో చిన్న పరుపు చాలు. వారంలో కొన్ని రాత్రులు వాళ్ల నాన్న పడుకోబెట్టాలి, ఆ టైమ్‌లో మీరు గదిలో కనపడకూడదు, కనపడితే చెవి కోసం మీ దగ్గరికే వచ్చేస్తుంది. మొదట్లో ఏడుస్తుందండి, ఏడవదని చెప్పను. కానీ నాన్న ఒళ్లో ఏడుస్తుంది కదా, ఒంటరిగా కాదు. మీరు హాస్పిటల్లో ఉన్న రాత్రి ఇదంతా మొదటిసారి చూడటం కంటే ఇప్పుడు కొంచెం కొంచెంగా చూడటం దానికీ నయం, ఇంట్లోవాళ్లకీ నయం.

రెండో కాన్పు నొప్పులు మామూలుగా మొదటిసారి కంటే త్వరగా ముందుకెళ్తాయి, అర్ధరాత్రి ఉన్నపళాన బయల్దేరాల్సి రావచ్చు. కాబట్టి ఆ రాత్రి పాప పక్కన ఎవరు పడుకుంటారో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి, ఆ మనిషి పాపకి బాగా అలవాటైన మనిషే అయ్యుండాలి. "నువ్వు లేచేసరికి అమ్మ లేకపోతే నానమ్మ ఉంటుంది, అమ్మ బేబీ కోసం హాస్పిటల్‌కి వెళ్లింది, మళ్లీ వచ్చేస్తుంది" అని పగలు ఆడుకునేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు మామూలుగా చెప్తూ ఉండండి. మెలకువగా ఉంటే మాత్రం చెప్పకుండా జారుకోవద్దు. మూడేళ్ల పిల్లలకి రేపు ఎల్లుండి అంటే సరిగ్గా అంతుపట్టదు, "రెండుసార్లు పడుకుని లేస్తే అమ్మ దగ్గరికి వెళ్దాం" అంటే అర్థమవుతుంది. వీడియో కాల్ సంగతి పిల్లని బట్టి ఉంటుంది, కొంతమందికి చూస్తే ధైర్యం వస్తుంది, కొంతమందికి చూడగానే ఏడుపు ఎక్కువైపోతుంది. పడుకునే టైమ్‌కి మాత్రం చెయ్యకండి.

ఇక మొదటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు. బేబీ మీ చేతుల్లో ఉండకూడదు, పక్కన తొట్టిలో ఉండాలి, మీ చేతులు రెండూ పెద్దదాని కోసం ఖాళీగా ఉండాలి. మా వాడు గదిలోకి రాగానే నా మంచం ఎక్కి, నా చేతికి సెలైన్ సూది ఉన్నచోట వేసిన టేపునే చూస్తూ కూర్చున్నాడు. "నొప్పా?" అని రెండు మూడుసార్లు అడిగాడు. బేబీ వైపు చూడనేలేదు. చుట్టూ ఉన్నవాళ్లంతా చెల్లిని చూడు, చెల్లిని చూడు అంటుంటే నేనే వద్దన్నాను, వాణ్ణి వదిలెయ్యండి అన్నాను. కాసేపయ్యాక వాడంతట వాడే దిగి తొట్టి దగ్గరికెళ్లి చూపుడువేలు లోపలికి పెట్టాడు, అది గట్టిగా పట్టేసుకుంది. అరచేతిలో ఏది తగిలినా బిగించి పట్టుకోవడం పుట్టిన పిల్లలందరికీ ఉండే రిఫ్లెక్సే అండి, కానీ వాడికి అది చెల్లి తనని పట్టుకోవడమే. "వదలట్లేదమ్మా!" అని ఎంత గొప్పగా చెప్పాడో, వేలు తెల్లబడుతున్నా తియ్యలేదు.

ఇంకో విషయం, బేబీ గురించి దానితో ఎలా మాట్లాడతామన్నది చాలా ముఖ్యం. జూడీ డన్, కరోల్ కెండ్రిక్ అని ఇద్దరు పరిశోధకులు కేంబ్రిడ్జ్‌లో 40 కుటుంబాల్ని రెండో బిడ్డ పుట్టకముందు నుంచీ ఇళ్లకి వెళ్లి మరీ గమనించారు, 1980ల మొదట్లో ఆ వివరాలు వచ్చాయి. బేబీని కూడా ఒక మనిషిగా, దానికీ ఆకలి, చిరాకు, ఇష్టాలు ఉంటాయన్నట్టుగా పెద్ద పిల్లలతో మొదట్నుంచీ మాట్లాడిన ఇళ్లలో, తర్వాత తర్వాత ఆ పెద్ద పిల్లలు చిన్నవాళ్లతో ఎక్కువ స్నేహంగా ఉన్నారట. ఇది చదివాక నేను "చెల్లి ఏడుస్తోంది, ఎందుకంటావు, ఆకలా, లైట్ కళ్లల్లో పడుతోందా?" అని వాణ్ణే అడిగేదాన్ని. వాడు తొట్టిలోకి తొంగి చూసి చాలా సీరియస్‌గా ఆలోచించి చెప్పేవాడు, ఒక్కోసారి వాడు చెప్పిందే కరెక్ట్ అయ్యేది కూడా.

"ఆడుకోవడానికి ఫ్రెండ్ వస్తోంది" అని మాత్రం ఎవర్నీ చెప్పనివ్వకండి. పుట్టిన పిల్లలు రోజుకి 14 నుంచి 17 గంటలు పడుకునే ఉంటారు, మనల్ని చూసి నవ్వడానికే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పడుకుంటుంది, ఏడుస్తుంది, పాలు తాగుతుంది, డైపర్ తడుపుతుంది, ముందు ఇంతే అని ఉన్నదున్నట్టు చెప్పండి. దాని చిన్నప్పటి ఫోటోలు చూపించి "నువ్వూ ఇలాగే ఉండేదానివి, ఇలాగే ఎత్తుకునేదాన్ని" అని చెప్పండి, పిల్లలకి తమ కథ వినడం భలే ఇష్టం.

—

ఇద్దరు_పిల్లల_నాన్న

పై రిప్లై చాలా బావుంది. నేను నాన్నల వైపు నుంచి చెప్తాను, మీ వారికి కూడా చూపించండి.

మొదటి కొన్ని వారాలు పెద్ద పాప పూర్తిగా నాన్న బాధ్యత అని ఇద్దరూ ముందే మాట్లాడుకోండి. హెల్ప్ చెయ్యడం వేరు, బాధ్యత తీసుకోవడం వేరు. లేపడం, పళ్లు తోమించడం, తినిపించడం, బయటికి తీసుకెళ్లడం, రాత్రి పడుకోబెట్టడం, ఇవన్నీ అమ్మని అడక్కుండా జరిగిపోవాలి. దాని బట్టలు ఎక్కడున్నాయి, ఏ కప్పులో తాగుతుంది, ఏ బొమ్మ లేకపోతే పేచీ పెడుతుంది లాంటివి డెలివరీకి ముందే నాన్నకి తెలిసుండాలి. అలాగని అమ్మని దానికి దూరం చేసెయ్యకూడదు, అక్కడే చాలామంది పొరపాటు పడతారు. రోజూ ఒకసారి నేను బేబీని ఎత్తుకుని వేరే గదిలోకి వెళ్లిపోయేవాణ్ణి, మా ఆవిడా పెద్దదీ ఇద్దరే తలుపు వేసుకుని ఉండేవాళ్లు. పదిహేను నిమిషాలైనా చాలు, కానీ రోజూ జరగాలి, ఆ టైమ్‌లో ఫోన్ పక్కన పెట్టెయ్యాలి.

చూడ్డానికి వచ్చేవాళ్ల సంగతి. వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడ్డ పెద్ద పిల్లని దాటుకుని నేరుగా బేబీ దగ్గరికి వెళ్లిపోతారు, వాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు గానీ ఆ పిల్ల మొహం చూస్తే మనకి ప్రాణం ఉసూరుమంటుంది. నేను తలుపు తీస్తూనే "ముందు మా పెద్దమ్మాయిని పలకరించండి, బేబీని అదే చూపిస్తుంది" అని చెప్పేసేవాణ్ణి. ఎవరూ ఏమీ అనుకోలేదు. అదేమో వాళ్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి "మా తమ్ముడు, ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోండి" అనేది. "నిన్నింక ఎవరు పట్టించుకుంటారే", "ఇప్పట్నుంచి అమ్మ తమ్ముడిదే" అని ఆటపట్టించేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లని అక్కడికక్కడే ఆపండి, పెద్దవాళ్లైనా సరే. మూడేళ్ల పిల్లకి అది ఆటపట్టించడం అని తెలీదు, నిజమనే నమ్ముతుంది.

ప్రతిదానికీ బేబీని అడ్డం పెట్టి చెప్పకండి. బేబీ పడుకుంది అరవకు, బేబీకి పాలిస్తున్నా తర్వాత రా, ఇలా రోజంతా వింటే ఎవరికి మాత్రం బేబీ నచ్చుతుంది? "నా చేతులు ఖాళీ లేవు, ఇప్పుడే వస్తా" అంటే సరిపోతుంది. ఇంట్లో మామూలు మాటల చప్పుడుకి చంటిపిల్లలు చాలావరకు పడుకునే ఉంటారు కూడా. అలాగే అప్పుడప్పుడు బేబీతో కూడా పైకి వినపడేలా "కొంచెం ఆగు నాన్నా, అక్కకి గౌను వేసి వస్తా" అనండి. అక్క కోసం బేబీ కూడా ఆగుతుందని దానికి తెలియాలి.

ఒకవేళ సిజేరియన్ అయితే కొన్ని వారాలు బేబీ కంటే బరువైనవి ఎత్తొద్దంటారు, అప్పుడు పెద్దది "ఎత్తుకో" అని చేతులు చాపితే కష్టంగా ఉంటుంది. మంచం మీద కూర్చుని పక్కనుంచి ఎక్కించుకుని ఒళ్లో కూర్చోబెట్టుకోండి, కుట్ల మీద పడకుండా పొట్ట దగ్గర దిండు పెట్టుకోండి. ఎత్తుకోలేను అనేకంటే రా కూర్చుందాం అనడం మేలు.

చంటిపిల్లల ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ ఆరో వారం దగ్గర బాగా ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది, సాయంత్రాలు మరీ ఎక్కువ. ఆ టైమ్‌లో అందరూ అలిసిపోయి ఉంటారు. చిరాకు హద్దు దాటుతోంది అనిపిస్తే బేబీని తొట్టిలో పడుకోబెట్టి కాసేపు అవతలికి వెళ్లిపోండి, అంతేగానీ పట్టుకుని ఊపెయ్యడం, కుదపడం ఎప్పుడూ చెయ్యకూడదు, మెదడుకి దెబ్బ తగులుతుంది.

—

పిల్లల_వార్డు_నర్స్

నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. అందరూ మనసు సంగతి బాగా చెప్పారు, నేను జాగ్రత్తలు చెప్తానమ్మా, కొంచెం పెద్ద పోస్ట్ అవుతుంది ఏమనుకోకండి.

మీకు 34 వారాలు అన్నారు కాబట్టి ఇది ముందు చెప్పాలి. కోరింత దగ్గు చంటిపిల్లలకి చాలా ప్రమాదం, వాళ్ల సొంత టీకాలు పడి పనిచేసేలోపు కాపాడేది కడుపులో ఉన్నప్పుడు అమ్మ నుంచి వచ్చిన రక్షణే. అందుకే చాలాచోట్ల 27 నుంచి 36 వారాల మధ్య గర్భిణులకి టీడాప్ టీకా వేస్తారు. మీరు వేయించుకున్నారో లేదో ఈ విజిట్‌లోనే డాక్టర్‌ని అడగండి. పెద్ద పాపకి పడాల్సిన టీకాలేమైనా మిగిలిపోతే అవి కూడా బేబీ వచ్చేలోపు పూర్తి చేయించండి, ఎందుకంటే బేబీకి ఇన్ఫెక్షన్లు ఎక్కువగా వచ్చేది ఇంట్లోని పెద్ద పిల్లల నుంచే.

పక్కల గురించి అడిగారు. బేబీ మీ గదిలోనే, మీ మంచం పక్కనే తన తొట్టిలో పడుకోవాలి, మొదటి ఆరు నెలలన్నా అలా ఉండటం మంచిది. గట్టిగా సమంగా ఉండే పరుపు, ఎప్పుడూ వెల్లకిలానే, దిండు వద్దు, వదులుగా ఉండే దుప్పట్లు వద్దు, బొమ్మలు వద్దు. పెద్ద పాపా బేబీ ఒకే పక్క మీద మాత్రం అస్సలు కుదరదు. మూడేళ్ల పిల్ల నిద్రలో దొర్లుతుంది, కాలు చెయ్యి మీద పడినా దానికి తెలీదు. మీకు ఒకవైపు పాప పరుపు, ఇంకోవైపు బేబీ తొట్టి, మధ్యలో మీరు, ఇలా పెట్టుకుంటే ఇద్దరూ మీ చేతికి అందుతారు. సోఫాలో కూర్చుని పాలిస్తూ నిద్రలోకి జారుకోవడం చాలా డేంజర్, రాత్రిళ్లు అక్కడ కూర్చోవద్దు.

బొమ్మని మెడ పట్టుకుని ఈడ్చడం చూసి భయపడకండి, ఆ వయసులో అందరూ అంతే. బొమ్మతోనే నేర్పించండి, తల కింద చెయ్యి ఎలా పెట్టాలో, పాదం ఎలా నిమరాలో. నిజం బేబీని ఎత్తుకుంటానంటే కాదనకండి, నేల మీద గోడకి ఆనించి కూర్చోబెట్టి, ఒళ్లో దిండు పెట్టి, బేబీ తల కింద మీ చెయ్యి ఉంచి ఇవ్వండి. అర నిమిషానికి చాలు తీసుకో అంటారు చూడండి. నెత్తి మీద మాడు మెత్తగా కొట్టుకోవడం కనిపిస్తే పిల్లలు నొక్కి చూడాలనుకుంటారు, అది సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలో గట్టిపడుతుంది, నెమ్మదిగా నిమిరితే ఏం కాదు గానీ నొక్కకూడదని చెప్పండి. బొడ్డు ఒకటి నుంచి మూడు వారాల్లో ఎండి ఊడిపోతుంది, దాన్ని లాగకూడదు. ముద్దులు పాదాలకి పెట్టమనండి, మొహానికీ చేతులకీ వద్దు. పెదవి మీద పొక్కులున్న పెద్దవాళ్లు ఎవరైనా సరే బేబీకి ముద్దు పెట్టకూడదు.

ఇంకొకటి చాలామంది గమనించరు, పెద్ద పిల్లలు ప్రేమతో తమ నోట్లోది తీసి బేబీ నోట్లో పెడతారు. మేము చూస్తూనే ఉంటాం. ఆరు నెలల దాకా పాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు, తేనె అయితే ఏడాది దాకా నాకించకూడదు. అందుకే ఇద్దర్నీ గదిలో వదిలేసి ఒక్క నిమిషం కూడా వెళ్లొద్దు, బాత్రూమ్‌కి వెళ్లాలన్నా ఒకర్ని వెంట తీసుకెళ్లండి. పాప బొమ్మల్లో బటన్ బ్యాటరీలు ఉంటే మూతకి స్క్రూ గట్టిగా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

మిగతావి మీకు మొదటి కాన్పులోనే తెలిసుంటాయి గానీ గుర్తు చేస్తాను. మొదటి రోజుల్లో బరువు కొంచెం తగ్గడం మామూలే, పది శాతం లోపు తగ్గి రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి రావాలి. రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు, ఐదో రోజు దాటాక కనీసం ఆరు తడి డైపర్లు. మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, పసుపు కాళ్ల దాకా దిగినా, పాలు తాగకుండా మత్తుగా పడుకుంటున్నా వెంటనే చూపించండి. మూడు నెలల్లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ జ్వరం వస్తే అర్ధరాత్రైనా సరే తెల్లారేదాకా ఆగకూడదు. రెండో కాన్పు తర్వాత పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో నొప్పి మొదటిసారి కంటే ఎక్కువగా వస్తుంది, గర్భసంచి ముడుచుకుంటోందని అర్థం, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. మీరు నొప్పితో మొహం ముడిస్తే పెద్దది చూస్తుంది, బేబీయే అమ్మని నొప్పి పెడుతోంది అనుకుంటుంది, కాబట్టి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

—

ఆకుపచ్చ_తలుపు

ప్లేస్కూల్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నా. ఇప్పుడు వేసినా బేబీ వచ్చేసరికి నిండా అలవాటు పడదు. సరిగ్గా అలవాటయ్యే టైమ్‌కి మీరు హాస్పిటల్‌కి వెళ్తారు, తిరిగొచ్చాక పొద్దున్నే దాన్ని బయటికి పంపి బేబీని ఇంట్లో పెట్టుకుంటారు, అది దానికి ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. మా ఇంట్లో అయితే బేబీకి రెండు మూడు నెలలు వచ్చాక, పెద్దది ఇంట్లో విసుగుపడుతున్న టైమ్ చూసి వేశాం, ఎగురుకుంటూ వెళ్లింది. ముందే వెళ్తున్న పిల్లలైతే మాన్పించకూడదు, వాళ్లకి అదొక్కటే మారకుండా ఉన్న విషయం అవుతుంది.

బేబీ తెచ్చిందని పెద్ద పిల్లకి గిఫ్ట్ ఇవ్వమని చాలామంది చెప్తారు, నాకు అది నచ్చదండి. మూడేళ్ల పిల్లకి కూడా బేబీ షాపింగ్ చెయ్యదని తెలుసు. ఇవ్వాలనిపిస్తే అమ్మానాన్నలుగా మీరే ఇవ్వండి, నువ్వు అక్కవి అయ్యావని మాకు సంతోషంగా ఉంది అని చెప్పి ఇవ్వండి.

పక్క తడపడం, ముద్దముద్దగా మాట్లాడటం, నాకూ పాలు కావాలి అనడం, ఇవన్నీ వస్తాయి, దేనికీ తిట్టొద్దు. పెద్దదానివయ్యావు సిగ్గులేదా అనే మాట అస్సలు వద్దు. మా పెద్దది బేబీ దుప్పట్లో చుట్టమని అడిగేది, చుట్టి ఒళ్లో వేసుకుని ఊపేదాన్ని, కాళ్లు బయటికి వేలాడుతుంటే కళ్లు మూసుకుని ఎంతో హాయిగా ఉండేది. కొన్ని వారాలకి దానంతట అదే మానేసింది.

—

నలుగురు_మనవల_అమ్మమ్మ

అమ్మా, పిల్లలంతా చక్కగా చెప్పారు. నాకు నీ గురించే బెంగగా ఉంది. పెద్దదాని గురించి ఇంత రాశావు, నీ గురించి ఒక్క ముక్క రాయలేదు.

నీకు సాయానికి వచ్చేవాళ్లు ఎవరో నాకు తెలీదు, ఎవరొచ్చినా వాళ్లకి ఈ మాట చెప్పు. బాలింతకి సాయమంటే చంటిదాన్ని ఎత్తుకుని కూర్చోవడం ఒక్కటే కాదు, వంట, గిన్నెలు, బట్టలు ముందు చూడాలి. మా అమ్మాయి రెండో కాన్పుకి నేను వెళ్లినప్పుడు పాలు తాగాక చంటివాణ్ణి తీసుకుని భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా తిప్పేదాన్ని, ఆ కాసేపూ అమ్మాయి పెద్దవాడి జుట్టు దువ్వేది, గోళ్లు తీసేది. పెద్దగా ఏమీ కాదు, రోజూ అమ్మ చేసే పనులే అమ్మే చేస్తోందన్న నమ్మకం వాడికి ఉండాలి కదా.

కాన్పయ్యాక మొదటి రెండు వారాలు ఊరికే కళ్ల నీళ్లు రావడం, చిన్న మాటకి గుండె బరువెక్కడం చాలామందికి ఉంటుంది, దానంతట అదే పోతుంది. రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకపోయినా, బిడ్డ పడుకున్నా నీకు నిద్ర పట్టకపోయినా, పిల్లల మీద మనసు పోకపోయినా, బతకాలని లేదనిపించినా దాచుకోకు తల్లీ, డాక్టర్‌కి చెప్పు, మందుంది, నయమవుతుంది. చివరి మాటలాంటిది ఒక్కసారి అనిపించినా రెండు వారాలు చూద్దామని ఆగకు, ఆ రోజే చెప్పు. ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నలది ఉంటుంది, 1987 నుంచి వాడుతున్నారు, అడిగితే ఐదు నిమిషాల్లో చూస్తారు. మా రోజుల్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు, అందరూ ఓర్చుకోమనేవాళ్లు. మొదటి కాన్పులో రాలేదు కదా ఇప్పుడూ రాదులే అనుకోవద్దు.

ఇంకోటి కూడా విను. మొదటి నెలల్లో పెద్దది బాగానే ఉందే అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చిన్నది పాకడం మొదలెట్టి దీని బొమ్మలు లాగేసుకుంటుంది చూడు, ఎనిమిది తొమ్మిది నెలలప్పుడు, అసలు గొడవలు అప్పుడు మొదలవుతాయి. అప్పటికి ఇంట్లోవాళ్ల ఓపిక అయిపోయి ఉంటుంది, సాయానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. ఇప్పుడు చూపిస్తున్న శ్రద్ధలో కొంచెం అప్పటికి దాచిపెట్టండి. చిన్నదానికి అందని ఎత్తులో పెద్దదానికి ఒక అర ఇవ్వండి, అందులో ఉన్నవి పంచుకోమని ఎవరూ అడగకూడదు.

నా ప్రేమ ఇద్దరికీ సరిపోతుందా అని నీ మనసులో ఉండే ఉంటుంది, నువ్వు రాయకపోయినా. నాకు ముగ్గురు పిల్లలమ్మా. ప్రేమకి ఎప్పుడూ కొదవ రాలేదు, టైమే చాలేది కాదు. టైమ్ సంగతి ఇంట్లో నలుగురూ కలిసి చూసుకోవచ్చు.

—

చిన్ని_వాళ్లమ్మ

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. అమ్మమ్మ గారూ, మీ మెసేజ్ మా ఆయనకి చదివి వినిపిస్తూ మధ్యలో ఆగిపోయాను, మిగతాది ఆయనే చదువుకున్నారు. అవును, ఆ ప్రశ్నే రాయబోయి తీసేశాను.

చిన్న పరుపు వేశాం. ఆయన పడుకోబెడుతున్నారు. మొదటి రాత్రి బాగా ఏడ్చింది, నేను వంటింట్లో నిలబడి వింటూ ఉన్నాను, లోపలికి వెళ్లకుండా ఉండటం చాలా కష్టమైంది. తర్వాత ఆయన చెవి పట్టుకుని చూసి "నాన్న చెవి గట్టిగా ఉంది" అందట, ఆయన మోచెయ్యి దగ్గర మెత్తటి చోటు వెతుక్కుని అది పట్టుకుని పడుకుంది. ఇప్పుడు నాన్న దగ్గర మోచెయ్యి, నా దగ్గర చెవి. ప్లేస్కూల్ ఇప్పుడు వద్దనుకున్నాం. టీకా గురించి అడిగాను, వేయించుకుంటున్నాను.

నర్స్ గారూ, ఒక్క డౌట్ మిగిలింది. మా పెద్దదానికి తరచూ జలుబు చేస్తుంటుంది. సరిగ్గా నేను బేబీతో ఇంటికొచ్చే రోజుకి దానికి జలుబో దగ్గో ఉంటే ఏం చెయ్యాలి? వేరే ఇంటికి పంపించెయ్యాలా? అలా పంపిస్తే ఇన్ని రోజులూ చెప్పిందంతా వృథా అయిపోతుందేమో.

—

పిల్లల_వార్డు_నర్స్

మామూలు జలుబు అయితే పంపించక్కర్లేదమ్మా. చేతులు సబ్బుతో కడిగించడం మాత్రం వదలొద్దు, బయటినుంచి రాగానే, ముక్కు తుడుచుకున్నాక, బేబీ దగ్గరికి వచ్చే ముందు. తుమ్మితే మోచేతిలోకి తుమ్మడం ఇప్పట్నుంచే ఆటలాగా నేర్పండి. ముక్కు కారుతున్న రోజుల్లో బేబీని ఒళ్లోకి ఇవ్వకండి, తొట్టికి రెండడుగుల దూరంలో కూర్చోబెట్టి పాట పాడమనండి, కబుర్లు చెప్పమనండి. గది కిటికీలు తీసి ఉంచండి. అదే టైమ్‌లో మీరు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు, తర్వాత చేతులు కడుక్కుని, పైబట్ట మార్చుకుని బేబీని తీసుకోండి. మీ పాలు ఆపక్కర్లేదు, మీకే జలుబు చేసినా ఇవ్వచ్చు, మాస్క్ పెట్టుకోండి చాలు.

జ్వరం గట్టిగా ఉన్నా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా, దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఊపిరి అందనట్టు ఉన్నా అప్పుడు మాత్రం ముందు పెద్ద పాపని డాక్టర్‌కి చూపించి, ఏమిటో తెలిసేదాకా ఇద్దర్నీ వేరే గదుల్లో ఉంచండి. అప్పుడు పెద్దదానితో ఉండేది నాన్నే. బేబీకి ముక్కు పట్టేసి పాలు తాగలేకపోతున్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా, పక్కటెముకల కింద చర్మం లోపలికి లాగుతున్నా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. డిశ్చార్జ్ అయ్యే ముందు ఇంటికి ఫోన్ చేసి పాపకి ఎలా ఉందో కనుక్కోండి, ఏమైనా ఉంటే అక్కడున్న పిల్లల డాక్టర్‌ని అడిగే బయల్దేరండి.